టన్నుకి ఎంత దిగిందని అడిగేవాళ్ళకి



కిందటి పోస్టులో మన గానుగ ఫొటో పెడితే అందరిదీ ఒకటే ప్రశ్న. "ఇంకా ఆ పాత మూడు రోలర్లదేనా? అయిదు రోలర్లది వేసుకుంటే రసం ఎక్కువ దిగుతుంది, టన్నుకి పది కిలోల బెల్లం మిగులుతుంది కదా" అని. నిజమే, నేనూ కొటేషన్ తెచ్చుకున్నాను. లోను గురించి బ్యాంకులో మాట్లాడుకున్నాను కూడా. చివరికి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో చెప్పాలంటే ముందు బీరు గురించి చెప్పాలి. నవ్వకండి. కాస్త ఓపిక పట్టండి, చెరకు దగ్గరకే వస్తాను.

మొన్న వేసవిలో నేనూ మా ఆవిడా అమెరికాలో మా గుంటడి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాం. వాడుండేది ఒహాయోలో. వెళ్ళిన రెండో శనివారం పొద్దున్నే కారు షెడ్డులోంచి గ్యాసు పొయ్యి శబ్దం. వెళ్ళి చూస్తే వీడు పెద్ద స్టీలు గిన్నెలో నీళ్ళు కాస్తున్నాడు. పక్కన ఐస్ బాక్సు, పైపులు, థర్మామీటరు, ఒక నోటుబుక్కు. మా ఆవిడ ఒక్క చూపు చూసి, "ఇంత చదువు చదివి ఇక్కడికొచ్చి సారా కాస్తున్నావట్రా?" అంది.

సారా కాదు, బీరు. అక్కడ ఇంట్లో తాగడానికి సొంతంగా బీరు చేసుకోవడం నేరం కాదు. 1978లో కార్టర్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చట్టం మార్చారట. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. అమ్మకూడదు, అంతే. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇలాంటి పని చేస్తే ఎక్సైజు వాళ్ళు గిన్నెలతో సహా పట్టుకుపోతారు. కాబట్టి ఇది చదివి ఎవరూ మొదలుపెట్టకండి.

పని చూస్తే మాత్రం మనకి తెలిసిందే అనిపించింది. బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆరబెట్టి వేడి పెడితే దాన్ని మాల్ట్ అంటారు. మా ఆవిడ వెంటనే, "మనం రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తాం కదా, అదే కదా" అంది. అదే. ఆ గింజల్ని వీడు చిన్న మిషన్లో కచ్చాపచ్చాగా నలగ్గొట్టాడు. ఆ మిషన్ చూస్తే నాకు ముచ్చటేసింది. రెండు ఇనప రోలర్లు, మధ్యలో సందు, సందు తగ్గించడానికి మర. అచ్చం మన గానుగకి పుట్టిన పిల్లలా ఉంది.

ఆ నలగ్గొట్టిన మాల్ట్‌ని ఐస్ బాక్సులో పోసి వేడినీళ్ళు కలిపి, 66, 67 డిగ్రీల దగ్గర గంటసేపు మూత పెట్టి ఉంచుతారు. దీన్నే మాష్ అంటారు. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టిన ఎంజైములు ఆ వేడిలో పనిచేసి పిండిని చక్కెరగా మారుస్తాయి. గంట తర్వాత నోట్లో వేసుకుంటే నిజంగానే తియ్యగా ఉంది, పల్చటి పానకంలా. అడుగున జల్లెడ ఉంటుంది, ఆ రసం కిందికి దిగుతుంది. గింజల్లో ఇంకా తీపి మిగిలి ఉంటుంది కదా, దాన్ని మళ్ళీ వేడినీళ్ళతో కడిగి తీస్తారు. ఆ రసాన్ని హాప్స్ అనే చేదు పువ్వులతో మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు వేస్తే పులిసి బీరవుతుంది.

ఒక్క మాట మధ్యలో చెప్పాలి, లేకపోతే మరిచిపోతాను. మెత్తగా నలిగితే రసం దిగదు, ముద్దకట్టి ఆగిపోతుంది. అలా ఆగకుండా కలపడానికి వాడు షాపు నుంచి ఒక ప్యాకెట్టు తెచ్చాడు. విప్పి చూస్తే ఏంటో తెలుసా? వరి ఊక! శుభ్రం చేసిన ఊక ప్యాకెట్లో పెట్టి డాలర్లకి అమ్ముతున్నారు. మన మిల్లుల వెనక గుట్టలు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. వాడి నోటుబుక్కులో ప్రతి పేజీ పైనా ఒక శాతం రాసి ఉంది. 72. 74. 71. 75. ఏంట్రా ఇది అంటే మాష్ ఎఫిషియెన్సీ నాన్నా అన్నాడు. మన భాషలో రికవరీ. అయిదు కిలోల మాల్ట్‌లో, ల్యాబులో చివరి బొట్టు వరకు తీస్తే సుమారు నాలుగు కిలోల సరుకు నీళ్ళలోకి వస్తుంది. వీడికి పాతిక లీటర్ల రసంలో మూడు కిలోలు వచ్చింది. నాలుగులో మూడు, అంటే 75 శాతం. తూకం వేయక్కర్లేదు, హైడ్రోమీటరు రసంలో వేస్తే ఎంత తేలిందో చూసి లెక్క కడతారు. మనం బ్రిక్సు మీటరు పెట్టినట్టే.

సరే, ఇక్కడ నేను వేలు పెట్టాను. గానుగ పెట్టుకున్నవాడికి 75 అంటే కడుపు మండదా? "పావు వంతు పిప్పిలో పారేస్తున్నావా? రోలర్లు బిగించు" అన్నాను. వాడికీ అదే ఉంది మనసులో. బిగించాడు. గింజ పిండిపిండి అయింది. పొట్టు కూడా చితికిపోయింది. ఆ పొట్టే జల్లెడ మీద పరుచుకుని రసాన్ని వడగట్టాలి, అది లేకపోయేసరికి రసం ఆగిపోయింది. కలియబెట్టాడు. ఇంకా వేడినీళ్ళు పోశాడు. ఒకటికి రెండుసార్లు కడిగాడు. చివరికి దిగుతున్న రసం దాదాపు నీళ్ళలాగే ఉన్నా వదల్లేదు. ఆ రోజు పేజీ మీద 86 రాశాడు. ఇద్దరం సంబరపడ్డాం.

మూడు వారాలయ్యాక సీసా మూత తీశాడు. నేనూ ఒక గుక్క తాగాను (మా ఆవిడ ఈ పేజీ చూడదు, పర్లేదు). మామిడి జీడి కొరికినట్టు వగరు. నాలుక బిగదీసుకుపోయింది. వాడు మారు మాట్లాడకుండా మొత్తం తెచ్చి సింకులో పోశాడు.

ఎందుకలా అయిందో తర్వాత చెప్పాడు. పొట్టులో వగరు పదార్థం ఉంటుంది, టానిన్ అంటారు. మొదట దిగే చిక్కటి రసంలో అది పెద్దగా రాదు. చక్కెర అయిపోయి ఉత్త నీళ్ళు కడుగుతున్నకొద్దీ పులుపు తగ్గుతుంది, అంటే పీహెచ్ పెరుగుతుంది. అది 6 దాటి, నీళ్ళు కూడా మరీ వేడిగా ఉంటే పొట్టులోంచి వగరు ఊడి వస్తుంది. చక్కెర చివరి ముక్క కోసం పోతే దానితోపాటు ఆ వగరూ వస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు రసం ఒక స్థాయికి పల్చబడగానే ఆపేస్తారట, ఎంత తీపి మిగిలినా సరే.

పోనీ అంత కష్టపడి మిగిల్చింది ఎంత? నేనే లెక్క వేశాను, చేతులు ఊరుకోవు కదా. 75 శాతం వచ్చేవాడు అయిదు కిలోలు వాడే చోట 85 వచ్చేవాడు నాలుగు కిలోల నాలుగు వందల గ్రాములు వాడితే చాలు. తేడా ఆరు వందల గ్రాముల మాల్ట్. వాడు కొనే ధరకి రెండు డాలర్లు. ఆ రెండు డాలర్ల కోసం పాతిక లీటర్లు సింకులో పోశాం, తండ్రీ కొడుకూ కలిసి.

ఇలా అన్నానని శాతం పనికిరాదని అనుకోకండి. అది ఎవరిదన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్ద బీరు కంపెనీలు మాష్‌ని ఫిల్టరు ప్రెస్సుల్లో వేసి 95 శాతం పైన లాగుతాయి. వాళ్ళు లారీలకొద్దీ గింజలు కొంటారు, వాళ్ళకి ఒక్క శాతం అంటే కోట్లు. మనలో ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. 2024-25 సీజనుకి కేంద్రం ఇచ్చిన ధర క్వింటాలుకి 340 రూపాయలు, అదీ 10.25 శాతం రికవరీ ఉంటే. ఆపైన ప్రతి 0.1 శాతానికీ 3 రూపాయల 32 పైసలు ఎక్కువ. పాయింటు పక్కన ఒక్క అంకె అటూ ఇటూ అయితే మన ధర మారిపోతుంది, ఆ అంకె వేసేది మాత్రం మనం కాదు. అలాంటి చోట శాతం గురించి గొంతు చించుకుని అడగాల్సిందే. మిల్లువాడు క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం లెక్క చెప్పినా అంతే.

కానీ సొంత పొయ్యి మీద సొంతంగా వండుకునేవాడికి శాతం ఎందుకు? ఇదే వాణ్ణి అడిగాను. వాడి జవాబు నాకు నచ్చింది. "ఎక్కువ రావడం కోసం కాదు నాన్నా, ప్రతిసారీ ఒకేలా రావడం కోసం. నాకు 72 వస్తుందని తెలిస్తే 72కి తగ్గట్టు గింజలు వేసుకుంటాను, అనుకున్న బీరే వస్తుంది. ఒకసారి 65, ఒకసారి 80 వస్తే ఏ సీసాలో ఏముంటుందో నాకే తెలియదు" అన్నాడు. తనది 90 అని గొప్ప చెప్పుకునేవాణ్ణి వాడు పట్టించుకోడట. ఎందుకంటే ఒకడు మాష్‌లోంచి దిగిన రసం దగ్గర కొలుస్తాడు, ఇంకొకడు మరగబెట్టాక, గిన్నె అడుగు మడ్డి, పైపుల్లో మిగిలింది అన్నీ పోయాక పులియబెట్టే డబ్బాలో కొలుస్తాడు. పని ఒకటే, అంకెలు వేరు. మనలోనూ ఉన్నారు కదా. ఒకడు తడి దిమ్మ తూస్తాడు, ఒకడు ఆరాక తూస్తాడు, మళ్ళీ ఇద్దరూ పోటీలు.

వాడి నోటుబుక్కు అప్పుడు సరిగ్గా చూశాను. పైన ఉన్న శాతం ఒక్కటే కాదు. కింద వరసగా ఉంది. రోలర్ల సందు ఎంత, నీళ్ళ వేడి ఎంత, మాష్‌లో ఎంత వచ్చింది, మరిగాక ఎంత, మడ్డితో ఎంత పోయింది. ఎక్కడ పోయిందో అక్కడ రాసుకున్నాడు. ఒకసారి 66కి పడిపోతే పేజీ చూసి గింజ సరిగా నలగలేదని పట్టుకున్నాడు. ఇంకోసారి మాష్ బాగానే వచ్చింది, పోయింది గిన్నె అడుగున.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక్కణ్ణుంచి మన గానుగ సంగతి.

మూడేళ్ళ కిందటి సీజను మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇక్కడ తెగ ఏడ్చాను. అంతకు ముందు మాకు టన్నుకి 105 నుంచి 108 కిలోల బెల్లం వచ్చేది. ఆ ఏడాది 97కి పడిపోయింది. పైగా బెల్లం మెత్తగా, నల్లగా. దిమ్మ సరిగా కట్టలేదు. అనకాపల్లి మార్కెట్‌కి తీసుకెళితే రంగు బెల్లం పక్కన నా దిమ్మలు పెట్టుకోవడానికే సిగ్గేసింది.

నా పుస్తకంలో ఉన్నవి రెండే అంకెలు. ఎన్ని టన్నుల చెరకు, ఎన్ని కిలోల బెల్లం. ఆ రెంటి మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. మధ్యలో ఉన్న మనిషి మాత్రం ఒకడే, మా బెల్లం వండే మేస్త్రి. పదకొండు సీజన్లు మా పెనం దగ్గర నిలబడ్డ మనిషి. పాకం వేలితో తీసి నీళ్ళలో వేసి చూసి దింపేస్తాడు, థర్మామీటరు ఎరగడు. నేను అతని మీద పడ్డాను. మంట ఎక్కువ పెట్టి మాడుస్తున్నావన్నాను. మడ్డి తీసేటప్పుడు రసం కూడా పారబోస్తున్నావన్నాను. పదిమంది కూలీల ముందు, "నా చెరకు నీ పొయ్యిలో పోస్తున్నావు" అన్నాను.

అతను ఒకటే అన్నాడు. "చెరుకు వాడిపోయింది బాబూ. రసం జిగురొస్తంది. ఏటి చేస్తే గట్టిపడతాది?"

సాకు చెబుతున్నాడనుకున్నాను. బ్రిక్సు మీటరు తెచ్చి రసం పెట్టి చూపించాను, 20 పైన ఉంది. "ఇంత తీపి ఉన్న రసం నీకు గట్టిపడదా?" అన్నాను. అతను ఆ మీటరు వంక చూశాడు, నా వంక చూశాడు, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు. తర్వాత నేను రోలర్లు బిగించాను. నాలుగు రోజులు రసం బాగా దిగింది, బెల్లం ఇంకా నల్లబడింది, అయిదో రోజు షాఫ్టు విరిగింది. అందుకే కొత్త గానుగ కొటేషన్.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ ఏడాది కోత కూలీలు దొరక్క, దొరికినప్పుడే మొత్తం కొట్టించి గట్టు మీద పడేశాను. గానుగ ఆడేసరికి మూడు రోజులు, కొన్నిసార్లు నాలుగు. కోసిన చెరకు ఒక రోజులో ఆడాలని మనందరికీ తెలుసు, తెలిసీ చేస్తాం. పడి ఉన్న చెరకులో నీరు ఆరిపోతుంది, తూకం పోతుంది. నేను వేబ్రిడ్జి మీద తూచింది కోసిన రోజున. అంటే ఎండిపోయిన బరువంతా నా లెక్కలో మేస్త్రి ఖాతాలో పడింది. అంతేకాదు, గడలో చక్కెర విరిగిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి నాలుక్కి తీపిగానే ఉంటాయి కానీ గట్టిపడవు. బెల్లం మెత్తబడేది, రంగు తిరిగేది అందుకే. మరి బ్రిక్సు మీటరు 20 ఎందుకు చూపించింది? అది రసంలో కరిగిన సరుకంతా కొలుస్తుంది, అందులో ఏది దిమ్మ కడుతుందో, ఏది కట్టదో దానికి తెలియదు. పైగా నీరు ఆరిపోయిన గడలో రసం చిక్కబడి అంకె పెరుగుతుంది కూడా. నా చేతిలో మీటరు ఉంది. అతని చేతిలో జిగురు ఉంది. అతను చెప్పిందే నిజం.

ఇది ఊరికే అనుకోవడం కాదు, ఈ సీజనులో చేసి చూశాను. ఒకే మడిలో చెరకు, ఒకే రోజు కోత, సగం మర్నాడే ఆడించాను, సగం మూడో రోజు. అదే గానుగ, బిగింపు మార్చలేదు. కోసిన నాటి తూకం మీద మొదటి సగానికి టన్నుకి 107 కిలోలు, రెండో సగానికి 99. మొదటి దాని రంగు ఫొటోలో చూశారు కదా, మీరే మెచ్చుకున్నారు. మీరు అయిదు రోలర్లతో వస్తుందన్న పది కిలోల్లో ఎనిమిది నా గట్టు మీదే పడి ఉన్నాయి. లోను తీసుకుని కొత్త గానుగ తెచ్చి వాడిన చెరకు అందులో పెడితే ఏమయ్యేదో ఆలోచించండి.

కొత్త గానుగ వద్దని నేను ఎవరికీ చెప్పను. రోజుకి ఇరవై, ముప్ఫై టన్నులు ఆడేవాళ్ళకి, పదిమంది చెరకు అద్దెకి ఆడేవాళ్ళకి అది వేరే లెక్క. నాది ఆరెకరాలు. నా డబ్బు ముందు కోత కూలీలకి పోవాలి. ఇప్పుడు రోజూ ఎంత ఆడగలనో అంతే కొట్టిస్తున్నాను. అందుకు కూలీ కొంచెం ఎక్కువిస్తున్నాను. పుస్తకంలో ఇప్పుడు ఆరు గళ్ళున్నాయి: కోసిన రోజు, ఆడిన రోజు, రెండు తూకాలు, రసం ఎంత, ఆరాక బెల్లం ఎంత. మీరు మీ అంకెలు చెప్పేటప్పుడు కోసిన ఎన్నో రోజున ఆడారో కూడా కలిపి చెప్పండి, లేకపోతే నాకు అర్థం కాదు.

మేస్త్రి సంగతి అడుగుతారని తెలుసు. ఒహాయో నుంచి వచ్చిన వారానికే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పదిమంది కూలీల్లో ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను, వాళ్ళ ముందే అన్నాను కాబట్టి. తప్పు నాదేనని చెప్పాను. అతను విన్నాడు. మంచం వాల్చాడు, టీ తెప్పించాడు. పిల్లాడు బాగున్నాడా అని అడిగాడు. బీరు గోల చెబితే నవ్వాడు కూడా. పక్క ఊళ్ళో వేరేవాళ్ళ పెనం దగ్గర ఒప్పుకున్నాడట, ఈ సీజను అక్కడే.

మళ్ళీ ఏడాది సంగతి అడిగాను. "సూద్దాం బాబూ" అన్నాడు.